ఫాసియాపై చేతి చికిత్స: రోల్ఫింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నిలబడే తీరు, కూర్చునే తీరు మెరుగుపడాలని, మెడా నడుమూ పట్టేయకుండా సులువుగా కదలాలని కోరుకునేవారికి ఈ మధ్య ఫాసియా అనే మాట తరచుగా ఎదురవుతోంది. అమెరికాలో ఉంటున్న పిల్లల ద్వారానో, ఆఫీసులో తోటి ఉద్యోగుల ద్వారానో రోల్ఫింగ్ పేరు విన్నవారు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇది రోగనిర్ధారణకు గానీ, వైద్యుడి సలహాకు గానీ బదులు కాదు.

ఫాసియా అంటే ఏమిటి? శరీరంలో ఎక్కడ ఉంటుంది?

కోడి రొమ్ము మాంసాన్ని ముక్కలు చేసేటప్పుడు కండ మీద పలుచగా, తడిగా, మెరుస్తూ ఒక తెల్లటి పొర కత్తికి అడ్డుపడుతుంది. వేలితో పట్టి లాగితే కొంత దూరం ఊడివచ్చి, ఆ తర్వాత కండలోకి దిగిపోయి ఇక రానంటుంది. ఆ పొరే ఫాసియా. మన శరీరంలోనూ చర్మం కింద వదులైన పొరగా, దాని దిగువన కండరాలను చుట్టి ఉంచే దట్టమైన పొరగా, ఇంకా లోపల కండరపు పోగులను ఒకదాని నుంచి మరొకదాన్ని వేరుచేసే సన్నని పొరలుగా అది వ్యాపించి ఉంటుంది. బలాన్నిచ్చే కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులు, సాగే గుణమున్న ఎలాస్టిన్ కొంత, నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం, ఈ పోగులను తయారుచేసే కణాలు అందులో ప్రధానంగా ఉంటాయి.

ఈ పొర మందం అన్ని చోట్లా ఒకటి కాదు. అరికాలిలో మడమ నుంచి వేళ్ల వైపు సాగే ప్లాంటార్ ఫాసియా, తొడను చుట్టి ఉండే ఫాసియా లాటా బయటి వైపు భాగం, నడుము వెనుక పరుచుకున్న థొరాకోలంబార్ ఫాసియా బాగా దళసరిగా ఉంటాయి. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో గుచ్చినట్టు నొప్పి వచ్చేవారు వీటిలో మొదటి పేరును డాక్టరు నోట వినే ఉంటారు. శరీర నిర్మాణ శాస్త్రం చదివే విద్యార్థులు చాలాకాలం పాటు కండరాలను చూడడానికి ఈ పొరను కోసి పక్కన పెట్టేసేవారు. దీనిలో నాడుల కొనలు విస్తారంగా ఉన్నాయన్న సంగతి బలపడిన కొద్దీ ఆసక్తి పెరిగి, 2007లో బోస్టన్‌లోని హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో ఫాసియా పరిశోధనపై మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది.

రోల్ఫింగ్ అంటే ఏమిటి? దీన్ని ఎవరు మొదలుపెట్టారు?

న్యూయార్క్‌లో 1896లో పుట్టిన ఐడా రోల్ఫ్ దీనికి మూలపురుషురాలు. ఆమె 1920లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొంది, రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేశారు. ఆ కాలంలో ఒక మహిళకు ఇది చిన్న విషయం కాదు. ఎముకలనూ కండరాలనూ చేతులతో సరిచేసే ఆస్టియోపతీ, యోగా వంటివాటిని అధ్యయనం చేస్తూ, ఏళ్ల తరబడి మనుషుల మీద చేతులతో పని చేస్తూ ఆమె ఒక ఆలోచనకు వచ్చారు. తల, ఛాతీ, కటి, కాళ్లు ఒకదానిపై ఒకటి సరిగ్గా నిలవనప్పుడు గురుత్వాకర్షణ శరీరాన్ని నిరంతరం కిందికి లాగి అలసటకు గురిచేస్తుందని, వాటిని పట్టి ఉంచే ఫాసియాను చేతితో సడలించి క్రమంలో పెడితే అదే గురుత్వాకర్షణ శరీరానికి ఆసరా అవుతుందని ఆమె నమ్మకం.

1960ల మధ్యలో కాలిఫోర్నియా తీరంలోని ఎసలెన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె పని చేయడం మొదలుపెట్టాకే ఈ పద్ధతికి పేరు వచ్చింది. తన పనిని ఆమె స్ట్రక్చరల్ ఇంటిగ్రేషన్ అని పిలుచుకుంటే, జనం రోల్ఫింగ్ అన్నారు. ఆ పిలుపే తర్వాత నమోదిత వ్యాపారచిహ్నం అయింది. 1971లో కొలరాడోలోని బౌల్డర్‌లో దీనికి ఒక శిక్షణ సంస్థ ఏర్పడింది. ఐడా రోల్ఫ్ 1979లో మరణించిన తర్వాత శిష్యులలో కొందరు విడిపోయి వేరే పాఠశాలలు పెట్టుకున్నారు కనుక, ఇంచుమించు ఇదే పనిని స్ట్రక్చరల్ ఇంటిగ్రేషన్ అనే పేరుతో చేసేవారు కూడా చాలామంది ఉన్నారు. మీ ఊళ్లో ఉన్నవారు ఏ పేరు పెట్టుకున్నారన్నదాని కన్నా ఎక్కడ, ఎన్ని గంటలు నేర్చుకున్నారన్నదే అడిగి తెలుసుకోవలసిన విషయం.

మామూలు మసాజ్‌కూ దీనికీ తేడా ఏమిటి?

మసాజ్‌లో నూనె రాసి, చేతిని జారుస్తూ, కండరాలకు విశ్రాంతి ఇవ్వడమే ముఖ్యోద్దేశం. రోల్ఫింగ్‌లో నూనె దాదాపుగా వాడరు, ఎందుకంటే చేయి జారితే చర్మం కింది పొరను పట్టి నెమ్మదిగా ఒక దిశలో కదిలించడం సాధ్యం కాదు. పైగా మసాజ్ చేయించుకునేవారు కళ్లు మూసుకుని పడుకుంటే సరిపోతుంది, ఇక్కడ మాత్రం మీకూ పని ఉంటుంది. చికిత్సకుడు మీ తొడ బయటి వైపున ముంజేతిని ఆనించి, బరువును కొద్దికొద్దిగా దించుతూ, మోకాలిని మెల్లగా వంచమనీ చాచమనీ చెబుతాడు. మీరు తొందరపడి కదిలితే ఆగమని, మళ్లీ మొదటి నుంచి, సగం వేగంతో చేయమంటాడు. కొన్నిసార్లు బల్ల మీద కూర్చోబెట్టి, అరికాళ్లను నేలకు ఆనించి ముందుకు వంగమని, ఆ వంపులో వెన్ను వెంట పిడికిలితో కిందికి వస్తాడు.

పది సెషన్లు అంటారు ఎందుకు? వాటిలో ఏం జరుగుతుంది?

ఐడా రోల్ఫ్ తన పద్ధతిని శిష్యులకు నేర్పే క్రమంలో దాన్ని పది భాగాలుగా అమర్చారు. మొదటి సెషన్ ఊపిరి మీద, అంటే పక్కటెముకలు, భుజాలు, తుంటి చుట్టూ జరుగుతుంది. రెండవది పాదాలకూ మోకాలి కింది భాగానికీ చెందినది. మూడవ దానిలో మిమ్మల్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, చంక కింది నుంచి తుంటి వరకు పని చేస్తారు. ఈ మూడింటినీ పైపొరల పనిగా పరిగణిస్తారు.

నాలుగు నుంచి ఏడు వరకు లోతైన పని. నాలుగవ సెషన్ తొడ లోపలి వైపు నుంచి కటి అడుగు భాగం దాకా, అయిదవది పొట్ట గుండా సోయాస్ అనే లోతైన కండరం దాకా, ఆరవది కాళ్ల వెనుక భాగం, వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థి, వీపు వెంట సాగుతుంది. ఏడవది తల, మెడ, దవడలది. ఈ సెషన్ గురించి ముందే తెలిసి ఉండడం మంచిది, ఎందుకంటే సంప్రదాయ పద్ధతిలో చేతి తొడుగు వేసుకుని నోటి లోపల దవడ కండరాల మీద, కొందరైతే ముక్కు రంధ్రంలోపల కూడా వేలితో పని చేస్తారు. మీకు ఇష్టం లేకపోతే అక్కర్లేదని చెప్పే హక్కు మీకుంది. నాలుగవ సెషన్‌లోని తొడ లోపలి పనికీ ఇదే వర్తిస్తుంది. చివరి మూడు సెషన్లలో కొత్తగా ఏదీ సడలించకుండా, అప్పటిదాకా విడివిడిగా చేసినదాన్ని నడక, వంగడం, లేవడం వంటి కదలికలలో కలిపి చూస్తారు.

పది అనే సంఖ్యకు శరీర శాస్త్రంలో ప్రత్యేకమైన ఆధారం ఏదీ లేదు. అది ఒక గురువు పాఠ్యక్రమం. మూడు సెషన్లతో తృప్తిపడి ఆగిపోయేవారూ, ఒకే సమస్య మీద రెండు మూడు సార్లు వెళ్లేవారూ ఉన్నారు, దానిలో తప్పేమీ లేదు.

మొదటి రోజు ఎలా ఉంటుంది? ఏ బట్టలు వేసుకోవాలి?

ఆరోగ్య చరిత్ర అడిగిన తర్వాత మిమ్మల్ని నిలబెట్టి, నడిపించి చూస్తారు. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు వెనక్కి కూడా విచ్చుకుంటున్నాయా, ఒక భుజం దిగువకు ఉందా, నడిచేటప్పుడు ఒక పాదం బయటికి తిరుగుతోందా అన్నవి గమనిస్తారు. అనుభవం ఉన్నవారు గుమ్మం దగ్గర విడిచిన మీ చెప్పుల వైపు కూడా ఒకసారి చూస్తారు. మడమ దగ్గర ఏ పక్క ఎక్కువ అరిగిందో అక్కడే తెలిసిపోతుంది. ఈ పద్ధతి పుట్టిన కాలంలో లోదుస్తులతోనే చేసేవారు కాని, ఇప్పుడు నిక్కరు, చేతులు లేని బనియను లేదా స్పోర్ట్స్ బ్రా సరిపోతాయి. మహిళలు మహిళా చికిత్సకురాలినే అడగవచ్చు, తోడుగా ఎవరినైనా గదిలో ఉంచుకోవచ్చు. అందుకు ఒప్పుకోనివారి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. సెషన్ సాధారణంగా గంట నుంచి గంటన్నర పడుతుంది.

చాలా నొప్పి పెడుతుందట, నిజమేనా?

ఆ పేరు ఊరికే రాలేదు. 1960, 70లలో దీన్ని చేయించుకున్నవారు అరిచేవారనీ ఏడ్చేవారనీ చెప్పుకునేవారు. ఇప్పటి చికిత్సకులలో ఎక్కువమంది అంత గట్టిగా ఒత్తరు. ఒత్తిడి లోతుగా, బలంగా అనిపించవచ్చు, కొన్ని చోట్ల మంట పుట్టినట్టు ఉండవచ్చు, కానీ మీరు ఊపిరి బిగబట్టేంత, పళ్లు కొరుక్కునేంత నొప్పి అవసరం లేదు. ఊపిరి బిగబట్టారంటే శరీరం ఆ చేతిని ఎదిరిస్తోందని అర్థం, అప్పుడు చేసిన పని వృథా. మర్నాడు అలిపిరి మెట్లెక్కి వచ్చినట్టు ఒళ్లు సలపరించడం మామూలే, అది ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నల్లగా కమిలిన మచ్చలు పడడం మాత్రం గొప్ప చికిత్సకు గుర్తు కాదు, చేయి మోతాదు మించిందనడానికి గుర్తు.

చేతితో ఒత్తితే ఫాసియా నిజంగా సాగుతుందా?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే మిగతా చాలా ప్రశ్నలకు జవాబు దీని మీదే ఆధారపడి ఉంది. ఐడా రోల్ఫ్ వివరణ ప్రకారం, ఫాసియాలోని జిగురు పదార్థం ఒత్తిడికీ వేడికీ గట్టిదనం కోల్పోయి మెత్తబడుతుంది, అప్పుడు దాన్ని కొత్త ఆకృతిలోకి మలచవచ్చు. వినడానికి నమ్మకంగా ఉండే మాటే. చికిత్సకుడికి తన వేళ్ల కింద ఏదో కరిగి దారి ఇచ్చినట్టు తెలుస్తుంది, బల్ల మీద ఉన్న మనిషికీ అలాగే అనిపిస్తుంది.

అయితే 2008లో ప్రచురితమైన ఒక గణిత నమూనా అధ్యయనం ఈ వివరణకు గట్టి దెబ్బ తీసింది. అరికాలిలోని ప్లాంటార్ ఫాసియానూ, తొడలోని ఫాసియా లాటానూ ఒక్క శాతం మేరకు అణచాలన్నా, పక్కకు జరపాలన్నా మనిషి చేయి ఇవ్వగలిగిన బలం చాలదని అది లెక్కగట్టింది. ముక్కు మీది పలుచటి పొర వంటిది మాత్రం చేతి ఒత్తిడికి లొంగవచ్చని తేలింది. కాస్త ఆలోచిస్తే ఇది సహజంగానే ఉంది. పరుగులో, గెంతులో పడే పెద్ద భారాన్ని భరించే అరికాలి పట్టీ ఒక పిడికిలి ఒత్తిడికే సాగిపోయేదయితే మనం నాలుగు అడుగులు వేయలేం.

అలాగైతే చేయించుకున్న వెంటనే ఒళ్లు తేలికపడినట్టు ఎందుకు ఉంటుంది?

తేలికపడడం భ్రమ కాదు, దానికి చెబుతూ వచ్చిన కారణమే సరైనది కాకపోవచ్చు. రోల్ఫింగ్ నేర్చినవారే అయిన జర్మన్ పరిశోధకుడు రాబర్ట్ ష్లైప్ 2003లో ఇందుకు నాడీమండలం వైపు నుంచి ఒక వివరణ ఇచ్చారు. ఫాసియాలోనూ దాని చుట్టూనూ ఒత్తిడినీ సాగడాన్నీ పసిగట్టే నాడీ గ్రాహకాలు ఉంటాయి. వాటిలో రుఫినీ కొనలు అనేవి నెమ్మదిగా, నిలకడగా, పక్కకు లాగే స్పర్శకు ప్రత్యేకంగా స్పందిస్తాయి. ఆ సంకేతం వెన్నుపాముకూ మెదడుకూ చేరినప్పుడు, అక్కడి నుంచి కండరానికి వచ్చే బిగింపు ఆజ్ఞ తగ్గుతుందని, చేతి కింద కరిగినట్టు తెలిసేది ఆ సడలింపేనని ఆయన వాదన. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో కార్లా స్టెక్కో బృందం మరో కోణం నుంచి, ఫాసియా పొరల నడుమ ఉండే హైలూరోనన్ అనే జారుడు పదార్థం చిక్కబడితే పొరలు ఒకదాని మీద ఒకటి సాఫీగా జారవని, కదలికా రాపిడీ దాన్ని మళ్లీ పలుచబరచవచ్చని చెబుతోంది.

ఈ రెండింటిలో మొదటిది మాకు ఎక్కువ సమంజసంగా తోస్తుంది. దాన్ని ఒప్పుకుంటే ఆచరణలో చాలా మార్పు వస్తుంది. మలిచేది మట్టినయితే బలం కావాలి. ఒప్పించేది నాడిని అయితే నిదానం కావాలి. అందువల్ల గట్టిగా ఒత్తేవాడే మంచి చికిత్సకుడన్న లెక్క పోతుంది. బిగింపు ఆజ్ఞ తాత్కాలికంగా తగ్గింది కనుక, ఆ వెసులుబాటు ఉన్న గంటలలో, రోజులలో మీరు ఎలా కదిలారన్నది ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

రోల్ఫింగ్‌పై నాణ్యమైన పరిశోధనలు తక్కువ, ఉన్నవి చిన్నవి. 2015లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 46 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు పునరావాస చికిత్స మాత్రమే, మరో జట్టుకు దానితో పాటు స్ట్రక్చరల్ ఇంటిగ్రేషన్ కూడా ఇచ్చారు. రెండవ జట్టువారికి రోజువారీ పనులలో ఇబ్బంది కొంత ఎక్కువగా తగ్గింది, చికిత్స పట్ల వారి సంతృప్తీ ఎక్కువే. నొప్పి తగ్గుదలలో తేడా మాత్రం గణాంకపరంగా నిలిచేంతగా లేదు. ప్రోత్సాహం ఇచ్చే ఫలితమే కాని, రుజువు అని చెప్పదగినది కాదు.

ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో ఇలాంటి 17 పద్ధతులను సమీక్షించి, వేటికీ స్పష్టమైన ఆధారం కనబడలేదని ప్రకటించింది, ఆ జాబితాలో రోల్ఫింగ్ ఉంది. ఆ తర్వాత 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు బీమా రాయితీల నుంచి దాన్ని తొలగించింది. తెలుగు పాఠకులు ఒక సంగతి గమనించాలి, అప్పుడు తొలగించినవాటిలో యోగా కూడా ఉంది. ఆధారం లేదనడానికీ పని చేయదనడానికీ మధ్య తేడా ఉంది, అయినా ఆ తేడాను అడ్డం పెట్టుకుని ఏ హామీ అయినా ఇచ్చేయడం సరికాదు.

ఇక ఫాసియాకూ నొప్పికీ సంబంధం ఉందా అంటే, పరిశోధకురాలు హెలెన్ లాంజెవిన్ బృందం 2011లో అల్ట్రాసౌండ్‌తో పరిశీలించి, దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారిలో నడుము ఫాసియా పొరల జారుడు దాదాపు 20 శాతం తక్కువగా ఉందని చూపించింది. నొప్పి వల్ల కదలిక తగ్గి పొరలు బిగుసుకున్నాయో, పొరలు బిగుసుకోవడం వల్లే నొప్పి వచ్చిందో ఆ అధ్యయనం తేల్చదు.

నాకు మెడ ముందుకు వచ్చింది, వీపు గూనిగా ఉంది. దీనితో సరి అవుతుందా?

గూని రెండు రకాలు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని అలవాటుగా వంగిన వీపు ఒకటి. మీరు తలుచుకుంటే నిటారుగా చేయగలరు, కాసేపటికి మళ్లీ వంగిపోతుంది. ఎముకల ఆకారంలోనే వచ్చిన వంపు రెండవది, అంటే వెన్నెముక పక్కకు వంగే స్కోలియోసిస్, ఎదిగే వయసులో వెన్నుపూసలు ముందు వైపు కుదించుకుపోయే షాయర్‌మన్ వ్యాధి, వయసు మీద పడ్డాక ఎముకలు గుల్లబారి వెన్నుపూసలు అణగడం వంటివి. మొదటి దానిలో చేతి చికిత్సకు పాత్ర ఉంది. రెండవ దానిలో ఊపిరి సులువు కావడం, పట్టేసినట్టు ఉండడం తగ్గడం వంటివి జరగవచ్చునే కాని, ఎముక ఆకారం మారదు. మారుతుందని చెప్పేవారిని నమ్మవద్దు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. వంగి కూర్చునేవారందరికీ మెడనొప్పి రాదు, నిటారుగా కూర్చునేవారందరూ హాయిగా ఉండరు. భంగిమకూ నొప్పికీ ఉన్న సంబంధం జనం అనుకునేంత గట్టిది కాదు. ఒకే భంగిమలో గంటల తరబడి ఉండిపోవడం శరీరానికి పడదు, ఆ భంగిమ ఎంత చక్కనిదైనా సరే. కనుక చికిత్సకు ముందూ తర్వాతా తీసిన ఫొటోలను ప్రమాణంగా తీసుకోకండి. నిలబడమన్నప్పుడు ఎవరైనా రెండోసారి ఇంకాస్త నిటారుగానే నిలబడతారు. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నవారు చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా, బండి వెనక్కి తీసేటప్పుడు తల వెనక్కి ఎంతవరకు తిరుగుతోంది, అటక మీది డబ్బా అందుకుంటే భుజం పట్టేస్తోందా అన్న కొలతలు చాలా నమ్మదగినవి.

ఫలితం ఎంతకాలం నిలుస్తుంది?

ఏమీ మార్చుకోకపోతే ఎక్కువ కాలం నిలవదు. బల్ల దిగిన తర్వాత మళ్లీ అదే కుర్చీ, అదే తొమ్మిది గంటలు, అదే ఫోను పట్టుకునే తీరు అయితే, శరీరం తనకు తెలిసిన బిగింపును మళ్లీ తెచ్చుకుంటుంది. సెషన్ అయిన రోజు అరగంట నిదానంగా నడవడం, ఆ వారం అంతా అరగంటకు ఒకసారి కుర్చీ వదిలి లేవడం, సడలిన భాగానికి బలం ఇచ్చే వ్యాయామం ఒకటి రెండు నేర్చుకోవడం అవసరం. వ్యాయామం మాటెత్తకుండా నెలనెలా రమ్మనే చికిత్సకుడు మీ ఒంటికన్నా తన అపాయింట్‌మెంట్ల పుస్తకం మీద ఎక్కువ శ్రద్ధ పెడుతున్నాడనుకోవచ్చు.

ఎవరు చేయించుకోకూడదు?

కాళ్ల సిరలలో రక్తం గడ్డ ఉన్నవారు, ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు ఎట్టి పరిస్థితిలోనూ చేయించుకోకూడదు. ఈ హెచ్చరిక మనవారికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా ప్రయాణమంటే విమానాలు మారుతూ ఇరవై గంటలు దాటుతుంది. దిగిన తర్వాత అమ్మకో నాన్నకో ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే అది ప్రయాణ బడలిక అనుకుని ఒత్తకూడదు, ఒత్తించకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స లేదా ఎముక విరగడం జరిగినవారు, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం (బృహద్ధమని) ఉబ్బినవారు తమ డాక్టరు అనుమతి లేనిదే వెళ్లకూడదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారికి చేయి ఎంత గట్టిగా పడుతోందో తెలియదు కనుక, వారు ఆ సంగతి ముందే చెప్పాలి. కీళ్లు పుట్టుకతోనే అతిగా వంగే ఎహ్లర్స్ డాన్లోస్ వంటి సమస్య ఉన్నవారికి కావలసింది సడలింపు కాదు, బలం. గర్భిణులు, ముఖ్యంగా పొట్ట మీద చేసే పనికి, దూరంగా ఉండాలి.

నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలిలో బలం తగ్గడం కనిపిస్తే అది వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన పరిస్థితి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉన్నా ముందు డాక్టరే.

శరీరంలోని విషాలు, అణచుకున్న బాధలు బయటికి పోతాయంటారు. నిజమా?

విషాల మాటకు ఆధారం లేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. సెషన్ తర్వాత నీళ్లు తాగమనడం మంచి సలహానే కాని అందుకు కారణం విషాలు కావు. బాధల విషయం వేరు. చాలాకాలం తర్వాత ఒకరు శ్రద్ధగా తాకినప్పుడు, బిగబట్టిన ఊపిరి వదిలినప్పుడు కొందరికి కన్నీళ్లు వస్తాయి, అది సహజం. దాన్నిబట్టి ఫాసియాలో జ్ఞాపకాలు దాగి ఉన్నాయని తేల్చలేం, పాత మానసిక గాయాలకు చికిత్స చేసే అర్హత ఇలాంటి చేతి చికిత్స చేసేవారికి ఉందనీ అనుకోకూడదు.

ఫిజియోథెరపిస్టులు చేసే మయోఫాషియల్ రిలీజ్ ఇదేనా?

చేతి పని చాలావరకు ఒకటే, ఉద్దేశం వేరు. మీరు భుజం ఎత్తలేకపోతున్నారన్న ఫిర్యాదుతో ఫిజియోథెరపిస్టు మొదలుపెట్టి, పరీక్షలు చేసి, కండరాలనూ వాటి ఫాసియానూ చేతితో సడలించే మయోఫాషియల్ రిలీజ్‌ను నాలుగైదు సాధనాలలో ఒకటిగా వాడి, వ్యాయామంతో ముగిస్తారు. రోల్ఫింగ్ చేసేవారు ఫిర్యాదు ఉన్న చోటుతో మొదలుపెట్టరు; ఒళ్లంతా ఒక క్రమంలో తిరిగి వస్తారు. ట్రిగర్ పాయింట్ పద్ధతి మూడవది, కండరంలో ముట్టుకుంటే దూరంగా నొప్పి పుట్టించే గట్టి బిందువులను వెతికి ఒత్తేది. అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యురాలిగా పని చేసిన జానెట్ ట్రావెల్ దానికి పేరు తెచ్చారు. మీకు స్పష్టమైన గాయమో నొప్పో ఉంటే ముందు ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లడమే తెలివైన పని.

మన అభ్యంగం, కేరళ ఉళిచ్చిల్ కూడా ఇలాంటివే కదా?

తాకడం వల్ల కలిగే మేలు అన్నిటికీ సమానమే. అభ్యంగంలో గోరువెచ్చని నువ్వుల నూనె చర్మం మీద నిండుగా జారాలి, ఇక్కడ చేయి జారకూడదు. కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు శిక్షణలో భాగమైన ఉళిచ్చిల్ దీనికి కొంత దగ్గర. చవిట్టి ఉళిచ్చిల్‌లో పైన కట్టిన తాడు పట్టుకుని అరికాలితో శరీరం పొడవునా ఒత్తుతూ పోతారు, దాని లక్ష్యం కూడా సులువైన కదలికే. ఒకదానికి మరొకటి మూలమని చెప్పడానికి ఆధారం లేదు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో చేయించుకోవాలంటే ఎవరిని నమ్మాలి?

మన దేశంలో రోల్ఫింగ్‌కు విడిగా లైసెన్సు లేదు, అంటే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఫిజియోథెరపీ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ చట్టం కిందికి వస్తుంది. ఫిజియోథెరపీలో బీపీటీ, ఎంపీటీ పట్టాలను ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇస్తాయి. ఆ పట్టా ఉండి, దాని మీద చేతి చికిత్సలో అదనపు శిక్షణ పొందినవారు దొరికితే రోల్ఫింగ్ అనే పేరు లేకపోయినా నష్టం లేదు. వారాంతపు వర్క్‌షాప్ సర్టిఫికెట్ ఒక్కటే గోడ మీద వేలాడుతుంటే మర్యాదగా వెనక్కి రావచ్చు. డిస్కు జారితే చేత్తో లోపలికి నెట్టేస్తామని, ఒక్క సిట్టింగ్‌లో తుంటి సరిచేస్తామని వీడియోలలో చెప్పేవారికి, ఎముకలు టకటక మనిపించేవారికి మరీ దూరంగా ఉండండి.

అమెరికాలో ఖర్చు ఎంత? బీమా వర్తిస్తుందా?

ఒక్కో సెషన్ 150 డాలర్లు దాటడం మామూలే కనుక, పది సెషన్లంటే 1,500 డాలర్లకు పైమాట అనుకోవాలి. ఆరోగ్య బీమా సాధారణంగా చెల్లించదు. డాక్టరు వైద్యపరమైన అవసరం ఉందని లేఖ రాసి ఇస్తే వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా డబ్బు దాచుకునే హెచ్ఎస్ఏ, ఎఫ్ఎస్ఏ ఖాతాల నుంచి వాడుకునే వీలు కొన్ని ప్లాన్లలో ఉంటుంది, ముందుగా అడిగి తెలుసుకోండి. చాలా రాష్ట్రాలలో ఈ పని చేయడానికి మసాజ్ థెరపీ లైసెన్సు తప్పనిసరి. దాని నంబరును రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. అదే డబ్బుతో ఆరునెలల వ్యాయామశాల చందా, నాలుగైదు ఫిజియోథెరపీ సిట్టింగులు వస్తాయా అన్నది కూడా ఒకసారి లెక్క వేసుకోవడం మంచిది.

ఫోమ్ రోలర్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. గట్టి నురగతో చేసిన ఈ గుండ్రని దిమ్మెను వ్యాయామానికి ముందు రెండు నిమిషాలు పిక్కల కింద, తొడల కింద దొర్లిస్తే కదలిక కొద్దిసేపు పెరుగుతుంది. తొడ బయటి వైపు ఏడుపొచ్చేలా రుద్దడం వల్ల అక్కడి పట్టీ సాగదు, పైన చెప్పిన లెక్క రోలర్‌కూ వర్తిస్తుంది. అరికాలి కింద టెన్నిస్ బంతి పెట్టి నెమ్మదిగా ఒత్తడం చాలామందికి హాయిగా ఉంటుంది. నడుము ఎముక మీద, మోకాలి వెనుక, మెడ ముందు భాగంలో మాత్రం రోలర్ వాడకండి.

మధ్యలో ఆపేస్తే శరీరం సగంలో నిలిచిపోతుందా?

అలాంటిదేమీ లేదు, అయినా ఈ భయం పెట్టి పది సెషన్ల డబ్బూ ముందే కట్టించుకునేవారు ఉన్నారు. ఒక్కొక్క సెషన్‌కు విడిగా చెల్లించండి. మూడవ సెషన్ అయ్యేసరికి మీరు ఎంచుకున్న రోజువారీ కొలతలో, అంటే నేల మీద నుంచి లేవడంలోనో, తల వెనక్కి తిప్పడంలోనో, తేడా ఏమీ కనబడకపోతే ఆ సంగతి చికిత్సకుడికి చెప్పి ఆపేయవచ్చు. నొప్పి పెరుగుతున్నా, తిమ్మిరి కొత్తగా మొదలైనా మూడవ సెషన్ దాకా కూడా ఆగనక్కర్లేదు.